పొలం గడ్డం: తొమ్మిదో భాగం

కిందటి వారం కేరాను నూర్పిడి కళ్లంలో, ఊరందరి చూపుల మధ్య నిలబెట్టి వదిలేశాం. ఆ మనిషి ఇంకా అక్కడే ఉంది. కాబట్టి ముందు ఆమెను ఇంటికి చేర్చాలి.

ఈ వారమే పుస్తకం చేతికొచ్చిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పెలినొవో ఊరికి నూర్పిడి మిషను వచ్చింది. ఎవరి కుప్ప ముందు నూర్చాలో చీట్లు వేస్తే, మొదటి చీటీ కేరాకు పడింది. మొగుడు జెల్యో పోయిన ఏడాదికి దేవుడు ఇప్పటికైనా కళ్ళు తెరిచాడని ఆమె గుండెల మీద సిలువ గీసుకుంది. మిషను మేస్త్రి ఖారలాంపి ఆమె పనలోంచి ఒక వెన్ను లాగి, అరచేతిలో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇంజను ఆపెయ్యమన్నాడు. వెన్నులో గింజ లేదు. గింజ తొడుగు ఉంది, దాని నిండా నల్లటి మసి ఉంది, ఆ మసికి కుళ్ళిన చేప కంపు ఉంది. కాటుక తెగులంటారు దీన్ని. పేరు మాత్రం చంటిపిల్లకు పెట్టేదానిలా ముద్దుగా ఉంటుంది.

"కిందటేడు ఇట్లాంటి గోధుమే నూర్చబోతే మసికి నిప్పంటుకుంది. మిషను సగం కాలింది. నా కనుబొమ్మలు ఇంకా మొలవలేదు, చూసుకోండి," అన్నాడు ఖారలాంపి. తర్వాత పక్క కుప్ప చూశాడు. దాని పక్కది చూశాడు. ఊళ్ళో ఒక్క కుప్పా మిగల్లేదు. నిజానికి కోతలప్పుడే ప్రతి ఇంటికీ తెలుసు, కాని ఎవరి పొలం కంపు వాళ్ళు సిగ్గుపడి దాచుకున్నారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం అన్నట్టుంది వ్యవహారం.

మరి నింద ఎవరి మీదో ఒకరి మీద పడాలి కదా. కిందటి విత్తుల కాలంలో ఇల్లిల్లూ తిరిగి, గోధుమ విత్తనాన్ని నీలి మైలుతుత్తం నీళ్ళలో ముంచి చల్లండని బతిమాలింది కేరాయే. తెగులు రాకూడదనే ముంచమంది. ఊరంతా ముంచింది, ఊరంతా పోయింది. ఊరిపెద్ద రూస్కో మధ్యాహ్నం చర్చి గంట కొట్టేదాకా గడువిచ్చాడు. ఈలోగా ఆమె జవాబు చెప్పాలి. లేకపోతే ఊళ్ళో మిగిలిన మైలుతుత్తమంతా వాగులో కలిపేసి, ఇక మీదట ఏ ఇంటా విత్తనం ముంచకూడదని సిలువ ముద్దుపెట్టుకుని ఒట్టు వేస్తారు. పెలినొవోలో తాత సిలువ మీద వేసిన ఒట్టు మనవడు కూడా తప్పడు. ఈ ఏడు సగానికి సగం వెన్నులైనా గింజ పట్టాయి. ముంచకుండా చల్లితే వచ్చే ఏడు ఆ సగమూ ఉండదు. తర్వాతి ఏడు ఊరే ఉండదు.

అదీ సంగతి. ఇప్పుడు కేరా ఇంటికి నడుస్తోంది.

దారంతా ఆమె ఒక్కటే మాట నమిలింది. నా చేతులతో నేను ముంచిన గింజకు తెగులెట్లా వచ్చింది? బుట్టలో పోసి, తొట్టిలో ముంచి, కర్రతో తిప్పి తిప్పి, తేలిన తాలు గింజను గరిటెతో తీసి పారబోసింది తనే. ఆ నీలం క్రిస్మస్ దాకా గోళ్ళను వదల్లేదు. చర్చిలో పక్కింటి గాన్కా ఆ గోళ్ళను చూసి, "వదినా, ఏ దొరగారి పెళ్ళికి రంగేసుకున్నావ్?" అని ఎగతాళి కూడా చేసింది. పొలంలో చల్లిన తర్వాత మిగిలిన విత్తనం అటక మీద చిన్న సంచిలో ఉంది. నీలంగా ఉన్న ఆ గింజను తీసుకెళ్ళి, ఇదిగో నేను చేసిందీ, ఇందులో ఎక్కడుంది మసి అని రూస్కో ముందు కుమ్మరిస్తే? గొప్ప జవాబేం కాదు. కాని చేతిలో ఏదో ఒకటి ఉన్న మనిషికి నడక వస్తుంది.

గుమ్మం దగ్గరే కంపు ఎదురొచ్చింది.

పొయ్యి మీద కుండ ఉడుకుతోంది. అత్తగారు వెలికా ముసలమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని, నల్ల తలగుడ్డ వెనక్కి తోసుకుని, కొయ్య గరిటె తిప్పుతోంది. కుండలో గోధుమలు. వంటింటి నిండా వర్నా రేవులో మిట్టమధ్యాహ్నం చేపల బల్లల వాసన.

"ఎవరదీ? కేరావా? కాళ్ళీడుస్తున్నావంటే నువ్వే. మిషను కూత ఆగిపోయిందేమే? మనది అప్పుడే అయిపోయిందా?"

"ఇంకా లేదత్తా."

"మరి గుంజలా నిలబడ్డావేం? ఇటొచ్చి కాస్త తిప్పు, నా జబ్బ పడిపోతోంది. ఆదివారం మన జెల్యో సంవత్సరీకానికి గోధుమలు ఉడికించి పంచాలి కదా, గింజ ఉడుకుతుందో లేదో చూద్దామని కాసిని వెన్నులు నలిపి వేశా. అంగడి గింజ కాదు, మన పొలందే. వాసన ఎట్లా ఉందే?"

కొడుకు బతికుండగానే వచ్చిన విషజ్వరం పోతూ పోతూ ముసలమ్మ ముక్కును వెంట తీసుకుపోయింది. చూపు అంతకు ముందే సగం పోయింది. పాలు విరిగినా కోడలు చెప్పాలి, దీపం పొగచూరినా కోడలు చెప్పాలి. వండిన ప్రతిదానికీ ఆవిడ ఇదే ప్రశ్న వేస్తుంది. కేరా ఎప్పుడూ ఇదే జవాబిస్తుంది.

"బాగుందత్తా."

"బాగుండక ఛస్తుందా? నా కొడుకు దున్నిన నేల!"

కేరా ఆవిడ మొహం చూడకుండా నిచ్చెనెక్కింది. అటక మీద చీకట్లో తడిమి సంచి తీసుకుని, కిందికి దిగి, కిటికీ వెలుతురులో చాటలో పోసింది. పోసి, అట్లాగే ఉండిపోయింది. గింజలు గోధుమరంగులో ఉన్నాయి. నీలమన్న మాట లేదు. ఒక గింజను నాలుక మీద పెట్టుకుంది. మైలుతుత్తమైతే చిలుం పట్టిన చేదుగా ఉండాలి. ఇది మామూలు గోధుమ.

ఈ విత్తనం చల్లినప్పుడు తను పొలంలో లేదు. పొలంలో గింజ చల్లేది మగవాళ్ళు. ఆ ఇంట్లో మగదిక్కు లేదు కాబట్టి గాన్కా మొగుడొచ్చి చల్లిపెట్టాడు. తను ఆ పూటంతా ఊరి అవతలి కొసన ఎవరి తొట్టి దగ్గరో నిలబడి, ఇంకా తిప్పండి ఇంకా తిప్పండి అంటూ అరుస్తోంది.

"అత్తా, ఈ సంచిలో గింజ ఎవరు ముట్టుకున్నారు?"

"ఏ సంచి?"

"విత్తనం సంచి. నీలంగా ఉండాలి ఇది."

ముసలమ్మ పళ్ళు లేని నోటితో నవ్వింది. "ఏడాది పట్టిందా నీకు కనుక్కోడానికి! కడిగేశానే. నువ్వు ఊరు ఉద్ధరించడానికి పోయావా, నేను బావి నీళ్ళు తోడించి మూడు నీళ్ళు పోసి కడిగి, తివాసీ మీద ఆరబెట్టా. అంత విషం పూసుకుని భూమిలోకి దిగితే తల్లి నేల దాన్ని గుర్తుపడుతుందా? నీకు చెప్తే గోల చేస్తావని చెప్పలేదు. తప్పా?"

కేరా చాట కింద పెట్టింది. తిట్టాలనే అనుకుంది. కాని కడిగినంత మాత్రాన తెగులు పుట్టదని ఆమెకు తెలుసు. ముంచినప్పుడే గింజ మీది మసి చచ్చిపోయింది. మందు పోయిన గింజకు మళ్ళీ ఎక్కడినుంచో కొత్త మసి తగలాలి.

"కడిగాక ఏం చేశావత్తా?"

"ఏం చేస్తాను?"

"కడిగి ఆరబెట్టాక. అందులో ఏమన్నా కలిపావా?"

గరిటె ఆగింది. ముసలమ్మ మొహంలోకి ఒక సిగ్గు వచ్చింది, దాని వెనకే గర్వం వచ్చింది. "ఇప్పుడు చెప్పచ్చులే. పంట ఇంటికొచ్చినట్టే కదా, ఇక మాట పడ్డా దోషం లేదు. వాడి గింజ కలిపా."

"ఎవరి గింజ?"

"మన జెల్యో గింజే. వాడు అల్లిన గడ్డం."

కేరా మూల దేవుడి పటం వైపు తిరిగింది. పటం పక్కన మేకుకు కిందటి ఏటి పొలం గడ్డం వేలాడుతోంది. కోతల ఆఖరి రోజున చేలో ఒక చారెడు మేర కోయకుండా వదిలి, ఆ వెన్నులను జడలా అల్లి, ఎర్ర దారం కట్టి, మొదలు దగ్గర నీళ్ళు పోసి, మోకాళ్ళ మీద కూర్చుని కోసి ఇంటికి తెస్తారు. అది పొలానికి గడ్డం. అది ఉన్నంత కాలం పొలానికి యజమాని ఉన్నట్టు. రోజూ పొద్దున్నే కేరా దాని ముందే దణ్ణం పెట్టుకుంటోంది. ఇప్పుడు చెయ్యెత్తి వెన్నులను పట్టుకుంటే ఊక తప్ప చేతికేం తగల్లేదు. అన్నీ నలిపిన వెన్నులే. ఏడాది పాటు ఉత్త గడ్డికి దణ్ణం పెట్టింది.

ఆ గడ్డం ఏ మూల కోసిందో ఆమెకు బాగా గుర్తుంది.

అడవి బేరి చెట్టు కింద మూల. కోస్తూ కోస్తూ అక్కడికొచ్చేసరికి జెల్యో కొడవలి భుజాన వేసుకుని, "కేరా, మన చేలో చేపలెవరే ఆరబెట్టిందీ?" అన్నాడు. ఆమె నవ్వింది. అతను ఒక వెన్ను నలిపి చూసుకున్నాడు. నవ్వు మొహం మీద అట్లాగే ఉంది గాని కళ్ళు నవ్వడం మానేశాయి. "ఈ విత్తులకి గింజ ముంచాల్సిందే. వర్నాలో మైలుతుత్తం దొరుకుతుంది. నేను మర్చిపోయినా నువ్వు మర్చిపోకు," అన్నాడు. తర్వాత అందరూ వచ్చారు. గడ్డం అల్లేది ఆడవాళ్ళు. ఆ ఇంట్లో అది వెలికా పని, కాని ఆవిడ వేళ్ళు వంగలేదు. "జరుగు అమ్మా, నీ జడ వేసిన చేతులే కదా ఇవీ," అని జెల్యో తనే మోకాళ్ళ మీద కూర్చుని, పెళ్ళికూతురికి వేసినట్టు అల్లాడు. చేనంతా నవ్వులే. మిగిలి ఉన్న మూల అదొక్కటే కాబట్టి గడ్డం ఆ మూలదే అయింది. ఆ వారంలోనే కుప్ప మీంచి జారిపడి జెల్యో పోయాడు.

ఆఖరి మాటను కోడలు పట్టుకుంది. ఆఖరి అల్లికను తల్లి పట్టుకుంది. ఇద్దరూ వాడి మీది ప్రేమతోనే చేశారు. ఇందులో ఎవరిని తిట్టాలో చెప్పండి, నాకైతే తెలియదు.

"ఎంత బాగా నలిగాయనుకున్నావ్," అంటోంది ముసలమ్మ. "ముట్టుకుంటే పొడైపోయాయి. చేతులకు మెత్తగా, పిండిలా. వాడి గింజ కదా."

కేరా గోడకు చేరగిలబడింది. పొడైపోయాయట. ఆ పొడి పట్టిన వేళ్ళనే ఆవిడ కళ్ళకు అద్దుకుని ఉంటుంది.

"అంతా మన విత్తనంలోనే కలిపావా, అత్తా?"

"మనకి ఒక్క గుప్పెడే. మిగతాది పంచా."

"ఎవరికి?"

"ఎవరికంటావేమే! వాడు పోయిన నలభయ్యో రోజు ప్రార్థన అయిన మర్నాడు నువ్వు ఆ నీలిమందు కోసం వర్నా పోలా? అప్పుడు. మౌనపు గింజ ఇచ్చి వచ్చా, ఇంటింటికీ. మాట్లాడకుండా ఇవ్వాలి, మాట్లాడకుండా తీసుకోవాలి, పంట ఇంటికొచ్చేదాకా ఎవరితోనూ అనకూడదు. చల్లే ముందు విత్తనం మీది మందు కడిగి, తర్వాత కలుపుకోమని నీళ్ళకుండ చూపించా, గింజ చూపించా. ఆడవాళ్ళకి ఆపాటి సైగ అర్థం కాదా? మా అమ్మ కాలంలో ఎవరో మహానుభావుడు పోతే ఇట్లాగే చేసేవాళ్ళు. ఇప్పుడెవరు చేస్తున్నారు, నేను తప్ప."

"ఏ ఇంటికి ఇవ్వలేదు?"

"ఏ ఇంటిని వదులుతానే? రూస్కోగాడికి వాడంటే కుళ్ళు కదా, ఆ ఇంటికి కూడా ఇచ్చా." ముసలమ్మ తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుంది. "వాడికి బిడ్డల్లేరు. నేనూ నువ్వూ పోతే ఈ గుమ్మంలో వాడి పేరు పిలిచేవాళ్ళుండరు. అందుకని ఊరందరి పొలాల్లోనూ పెట్టొచ్చా వాణ్ణి. ఇక ఏ చేను పండినా అందులో నా బిడ్డ ఉంటాడు. ఏమే, పలకవేం? మంచి పనే కదా చేశాను?"

కేరాకు ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చే చోటు దాటిపోయింది. చెప్పేస్తే ఏమవుతుంది? నీ బిడ్డే ఊరి పంటలన్నీ తిన్నాడత్తా, నువ్వే తినిపించావు. ఈ మాట విని ఆ ముసలి ప్రాణం ఆదివారం దాకా ఉంటుందా? చెప్పకపోతే మైలుతుత్తం వాగు పాలవుతుంది. ఎటు చూసినా నుయ్యే, గొయ్యి కూడా లేదు.

"మంచి పనేనత్తా," అంది.

చర్చి గంట కొట్టింది.

గంట మోత ఇంకా గాలిలో ఉండగానే గేటు దగ్గర అలికిడైంది. కేరా ముసలమ్మ చేతిని మళ్ళీ గరిటె మీద పెట్టి, "మాడకుండా చూడు, నేనిప్పుడే వస్తా," అని బయటికొచ్చి తలుపు దగ్గరకు లాగింది.

ఊరు సగం పైన వచ్చేసింది. ముందు రూస్కో, పక్కన గాన్కా, ఆమె వెనక ఆమె మొగుడు. ఖారలాంపి కొంచెం దూరంగా, బొగ్గు మసి చేతులు పాతగుడ్డకు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"కేరమ్మా, గంట కొట్టేశారు," అన్నాడు రూస్కో. "జవాబు చెప్తావా, మందు తెచ్చిస్తావా?"

"జవాబేముంటుంది బావగారూ," అందుకుంది గాన్కా. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. "నీలం బట్టలకి వేసుకుంటారు గానీ గింజలకి వేస్తారా ఎక్కడైనా? మా ఆయన అప్పుడే అన్నాడు, ఈ చదువులు మనకొద్దని."

"నేనెప్పుడన్నానే?" అన్నాడు మొగుడు.

"అనాలనుకున్నావు. నోరు లేక ఊరుకున్నావు."

 కేరా మెట్టు దిగి, "రూస్కో బావా, మందు తెగులు తెచ్చేది కాదు, చంపేది. నీకు కోపముంటే నా మీద చూపించు. నీళ్ళలో పొయ్యకు. మళ్ళీ విత్తుల నాటికి అది తప్ప దిక్కు లేదు," అంది.

"కిందటి విత్తులకీ ఇదే పాట పాడావు. దిక్కు ఏమైందో చూశాం. మా ఇంట్లో పశువులు కూడా ఆ గడ్డి ముట్టడం లేదు తెలుసా? నా కోడలు కడుపుతో ఉంది. చలికాలం దానికేం పెట్టమంటావు? నీ నీలి నీళ్ళు తాగించమంటావా?"

 

అప్పుడు ఖారలాంపి ముందుకొచ్చాడు. "నేను బయటివాణ్ణి. రేపో మాపో మిషను కట్టుకుని పోతాను. ఒక్క మాట అడిగి పోతా. సముద్రం దాకా ఎన్ని ఊళ్ళ గోధుమలు నూర్చానో నాకే లెక్క లేదు. సరిగ్గా ముంచిన విత్తనానికి ఇంత కాటుక నేనెక్కడా చూళ్ళేదు. ముంచాక మీరేమైనా చేశారా? కడిగారా? ఏమన్నా గింజ కలిపారా?"

ఎవరూ పలకలేదు.

మామూలుగా పలక్కపోవడం కాదిది. కేరా ఒక్కొక్క మొహమే చూసింది. రూస్కో తన బూట్ల వైపు చూస్తున్నాడు. గాన్కా మొగుడు టోపీ తీసి లోపలేదో వెతుకుతున్నాడు. గాన్కా, గింజ నానని నోటి గాన్కా, పెదవులు బిగించి ఆకాశం చూస్తోంది. ఏడాది నుంచి ఆ ఒక్క మాటనూ ఆవిడ కడుపులో దాచుకుంది. జెల్యో గింజ తమ ఒక్క ఇంటికే వచ్చిందని ప్రతివాడూ అనుకుంటున్నాడు. పంట ఇంకా కళ్లంలోనే ఉంది, ఇంటికి చేరలేదు. ఇప్పుడు నోరు విప్పితే ఆ పుణ్యం పోతుందని, అంత మంచి మనిషికి ద్రోహం చేసినట్టవుతుందని నిలువునా భయపడుతున్నారు. పంట పోయింది, పుణ్యమన్నా మిగలనీ అనుకుంటున్నారు. వాళ్ళ మీద కోపమెట్లా వస్తుంది?

"చెప్పకపోతే మీ ఇష్టం," అన్నాడు ఖారలాంపి. "అయితే తప్పు మందుదే అనుకోండి."

"మందుదే," అన్నాడు రూస్కో, తల ఎత్తకుండా. "తేమ్మా మందు సంచి."

కేరా వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. లోపల గరిటె కుండకు తగులుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"కలిపారు," అంది. "అందరూ కలిపారు, మేస్త్రీ. విత్తనం కడిగి, అందులో జెల్యో గడ్డం గింజ కలిపారు. ఇంటికో గుప్పెడు."

 గాన్కా రూస్కో వైపు తిరిగింది. "మీ ఇంటికి కూడానా?" రూస్కో ఇంకొకడి వైపు తిరిగాడు. "నీకూ ఇచ్చిందా?" వెనక ఎవరో గుండెల మీద సిలువ గీసుకున్నారు. ప్రతివాడి మొహంలోనూ మొదట కొంచెం ఈర్ష్య కనబడింది. అర్థం కావడం ఆ తర్వాత వచ్చింది.

"ఆ గడ్డం కోసిన మూలలో అప్పటికే కాటుక ఉంది," అంది కేరా. "గింజతో పాటు మసి పంచిపెట్టాం."

"ఇచ్చింది వెలికా పిన్ని కదా..." అన్నాడు గాన్కా మొగుడు.

"అత్తకి కళ్ళా? ముక్కా? ఆవిడకేం తెలుసు? నలిపింది నేను. సంచిలో పోసి, ఇంటింటికీ ఇచ్చి రమ్మని పంపింది నేను. మొగుడు పోయిన దుఃఖంలో చూసుకోలేదు." అబద్ధం ఆమె నోట్లో తడబడకుండా వచ్చింది. రోజుకో అబద్ధమాడి ముసలమ్మ చేత అన్నం తినిపించే నోరది. "నా కుప్ప తగలబెట్టండి. ఊళ్ళోంచి పొమ్మంటే పోతాను, అత్తను మాత్రం ఉండనివ్వండి. కాని మందు పారబొయ్యకండి. మళ్ళీ విత్తులకి ముంచండి. కడక్కండి. దేన్నీ కలపకండి. అది పుణ్యమైనా సరే."

ఖారలాంపి తలూపాడు. "ఇప్పుడు లెక్క కుదిరింది. ఇదైతే జరుగుతుంది. మందు తప్పేం లేదు పెద్దాయనా."

రూస్కో కేరాను చూశాడు. ఆ చూపులో కోపం ఉంది, అసహ్యం ఉంది, వాటి వెనక మళ్ళీ విత్తుల గురించి ఒక లెక్క కూడా మెల్లగా మొదలైంది. అదే కావాలి కేరాకు. తనను ఎంత అసహ్యించుకుంటే అంత మంచిది.

"జెల్యో పెళ్ళానివై ఉండి," అన్నాడు చివరికి, "ఇంత అజాగ్రత్తా? సరే. మందు సంగతి..."

తలుపు తెరుచుకుంది.

వెలికా ముసలమ్మ గుమ్మంలో నిలబడింది. ఆదివారం కట్టుకునే ఎంబ్రాయిడరీ ఏప్రన్ కట్టుకుంది, దాని కొసలు రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. అందులో బరువుగా ఏదో ఉంది. ఏమిటో కేరాకు వెంటనే తెలిసింది. ఈ ఏటి గడ్డం, తను కోతల్లో అల్లి పెరటి గదిలో పెట్టిన గడ్డం, నలిపి తెచ్చింది ఆవిడ. ఏప్రన్ మీది ఎర్ర పూలు నల్లబడ్డాయి.

"పెరటి గదిలోంచి వస్తుంటే నీ మాట చెవిన పడిందే," అంది ముసలమ్మ. "నా ముక్కు పోయింది గానీ చెవులు పోలేదు. ఏమిటే నువ్వంటున్నదీ? నువ్వు నలిపావా? నువ్వు పంపావా?"

"అత్తా, లోపలికి పద."

"పోను! ఊరందరి ముందూ నా కొడుకు పుణ్యం కొట్టేద్దామనే?" ఆవిడ కేరా చేతిని విదిలించుకుని ముందుకొచ్చింది. "వినండర్రా, ఇది అబద్ధమాడుతోంది. విత్తనం కడిగింది నేను. గడ్డం నలిపింది నేను, నా ఈ వేళ్ళతో. ఇంటింటికీ నడిచింది నేను, నా ఈ కాళ్ళతో. ఆ రోజు ఇది ఊళ్ళోనే లేదు, వర్నా పోయింది. కావాలంటే బండి తోలిన వాణ్ణి అడగండి. నా బిడ్డను మీ పొలాల్లో పెట్టింది నేను, ఇది కాదు!"

గాన్కా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రూస్కో కేరా వైపు చూశాడు, ముసలమ్మ వైపు చూశాడు, మళ్ళీ కేరా వైపు చూశాడు. మందు గురించి అతను మొదలుపెట్టిన మాట గొంతులోనే ఉండిపోయింది.

"సంవత్సరీకం ఆదివారం," అంటోంది వెలికా ముసలమ్మ, నవ్వుతూ. కోపం ఆవిడ దగ్గర ఎక్కువసేపు నిలవదు. "మీరెట్లాగూ వచ్చారు కాబట్టి ఇప్పుడే తీసుకోండి. కొత్త గింజ. మౌనంగా తీసుకోండి మరి. చాపండి చేతులు."

ఆవిడ ఏప్రన్ చాపి నిలబడింది. మగవాళ్ళు టోపీలు తీశారు గాని చేతులు చాపలేదు. ఖారలాంపి మొహం పక్కకు తిప్పుకున్నాడు. మసి సన్నగా రాలి ఆవిడ పాదాల మీద పడుతోంది. కంపు గేటు దాకా వచ్చింది.

ముసలమ్మ మసక కళ్ళతో ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ చూసింది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, కాని అది ఎక్కడికి పోవాలో తెలియక నిలబడిపోయింది.

"కేరా," అంది, "వీళ్ళెవరూ చెయ్యి చాపరేమే? వాసన బాగుందని నువ్వే అన్నావు కదా. చెప్పవే వీళ్ళకి."